ఏది ముందు, ఏది తర్వాత: చెక్క తెరచాప ఓడ నమూనాలో అసలు చిక్కు

గాజు పెట్టెలో పెట్టిన తెరచాప ఓడ నమూనాను చూడగానే ఎవరి నోటైనా వచ్చే మొదటి మాట "అబ్బ, ఎంత ఓపిక!" ఓపిక కావాలి, కాదనను. కానీ ఓపిక దండిగా ఉన్నవాళ్లు మొదలుపెట్టి సగంలో వదిలేసిన ఓడలు అటకల మీద చాలా ఉన్నాయి. వాళ్లను ఆపింది విసుగు కాదు. ఒక తాడు ముడి వేయాల్సిన చోటికి వేలు వెళ్లలేదు. ఆ చోటును కప్పేసిన పని మూడు నెలల కిందట వాళ్ల చేతులే చేశాయి.

ఓడ కట్టడంలో ప్రతి పనీ ఇంకో పనికి దారి మూసేస్తుంది. పక్కపలకలు అతికించాక లోపలికి చెయ్యి పోదు. పై డెక్ వేశాక కింది డెక్ మీది ఫిరంగిని సరిచేయలేం. తెరచాప కొయ్యను నిలబెట్టి తాళ్లతో బిగించాక దాని మొదట్లో ఒక చిన్న కొక్కెం మరిచిపోయామని గుర్తొస్తే, చుట్టూ ఉన్న తాళ్లను తప్పించుకుంటూ పట్టకారు దూర్చడం గండమే. కాబట్టి ఈ అభిరుచిలో నేర్చుకోవాల్సిన మొదటి విద్య వరుస. ఏది ముందు, ఏది తర్వాత, ఇప్పుడు ఇది మూసేస్తే రేపు దేన్ని అందుకోలేను అన్న లెక్క. పాత నమూనాను బాగుచేయడమంటే అదే వరుసను చివరి నుంచి మొదటికి చదవడం. కట్టడం, బాగుచేయడం వేరువేరు అభిరుచులని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అవి ఒకే దారికి రెండు కొసలు.

ముందు ఒక గందరగోళం తీరాలి. "చెక్క ఓడ నమూనా" అనే ఒకే పేరు కింద మూడు నాలుగు రకాల వస్తువులు తిరుగుతుంటాయి. ఒకే దిమ్మెను చెక్కిగానీ, పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించి చెక్కిగానీ చేసినవి ఒక రకం. ఈనాటి కిట్లలో ఎక్కువగా ఉండేది ఇంకో రకం: మధ్యలో ఒక వెన్నుపలక, దానికి అడ్డంగా పది పదిహేను చట్రాలు, వాటి మీద సన్నటి పట్టీల తొడుగు. తొడుగు సాధారణంగా రెండు పొరలు. మొదటిది మెత్తని బాస్‌వుడ్, దాన్ని చదును చేశాక పైన అర మిల్లీమీటరో ఒక మిల్లీమీటరో మందం ఉండే వాల్‌నట్. మొదటి పొరలో వచ్చిన తప్పులు రెండో పొర కింద దాగుతాయి కాబట్టి కొత్తవాళ్లకు ఇది మంచి పద్ధతి. మూడోది నిజమైన ఓడ కట్టినట్టే ఒక్కో పక్కటెముకనూ ముక్కలుగా కోసి, జోడించి, కీల్ అనే అడుగు దూలం మీద వరుసగా నిలబెట్టే పద్ధతి. దీనికి కిట్ కన్నా నకలు గీతలూ, రంపమూ, ఏళ్ల సమయమూ కావాలి.

ఆ మూడో రకానికి పూర్వీకులు 17, 18 శతాబ్దాల బ్రిటిష్ నౌకాదళ నమూనాలు. చాలావరకు 1:48 కొలతలో, కింది భాగానికి పలకలు వేయకుండా, పక్కటెముకలు కనబడేలా వదిలేసినవి. లండన్‌లోని గ్రీనిచ్ మారిటైమ్ మ్యూజియంలోనూ, అమెరికాలోని అనాపొలిస్ నౌకాదళ అకాడమీ మ్యూజియంలోనూ వీటి పెద్ద సేకరణలున్నాయి. అనాపొలిస్ సేకరణ హెన్రీ హడిల్‌స్టన్ రోజర్స్ అనే సంపన్నుడు 1935లో వీలునామా ద్వారా ఇచ్చినది. ఆ నమూనాల్లో పక్కటెముకల అమరిక నిజమైన ఓడలోది కాదని చాలామందికి తెలియదు. అది కంటికి అందంగా ఉండేలా నమూనా కోసం కల్పించిన క్రమం. మహా నిపుణులు కూడా నమూనాకు నమూనా ధర్మం ఒకటుందని ఒప్పుకున్నారన్నమాట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, బాగుచేయడం దగ్గర మళ్లీ పనికొస్తుంది.

కొలత దగ్గరే సగం తప్పులు

1:64 అంటే నిజమైన ఓడలో 64 సెంటీమీటర్లు నమూనాలో ఒక సెంటీమీటరు. లెక్క ఇంత సులువు. కానీ ఆ అంకె చేతికి ఎలా తగులుతుందో తెలియాలంటే డెక్ మీద ఒక నావికుణ్ణి నిలబెట్టి చూడాలి. 168 సెంటీమీటర్ల మనిషి 1:96లో పదిహేడున్నర మిల్లీమీటర్లు. 1:64లో 26. 1:48లో 35. వాడి చెయ్యి ఎంత ఉంటుందో, వాడు పట్టుకునే తాడు ఎంత సన్నగా ఉంటుందో ఊహించండి. మీ కళ్లు, మీ వేళ్లు ఏ కొలతను భరిస్తాయో అక్కడే తెలిసిపోతుంది. ఇంకో సంగతి: 1:96 నుంచి 1:48కి పోతే పొడవు రెట్టింపు అవుతుంది, ఓడ ఆక్రమించే చోటు మాత్రం ఎనిమిది రెట్లు పెరుగుతుంది. 1765లో నీటిలోకి దించిన 'విక్టరీ' యుద్ధనౌక ఫిరంగుల డెక్ పొడవు 186 అడుగులు. 1:100లో అది 57 సెంటీమీటర్లు, 1:48లో దాదాపు 118. దానికి ముందు పొడుచుకొచ్చే కొయ్యనూ, ఎత్తునూ కలిపితే గాజు పెట్టె ఒక బల్లంత అవుతుంది. కట్టడం మొదలుపెట్టే ముందే పెట్టె ఎక్కడ పెడతారో చోటు చూసుకోవాలి. ఇది కూడా వరుసలో భాగమే.

పాత గీతల నుంచి కట్టేవాళ్లకు కొలతలో ఇంకా లోతైన గుంటలున్నాయి. "అడుగు" అందరికీ ఒకటి కాదు. ఇంగ్లిష్ అడుగు 30.48 సెంటీమీటర్లు. పాత ఫ్రెంచి అడుగు దాదాపు 32.5. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు 28.3 మాత్రమే, పైగా అందులో అంగుళాలు పన్నెండు కాదు, పదకొండు. 160 అడుగులని రాసి ఉన్న డచ్చి ఓడను ఇంగ్లిష్ అడుగుల్లో లెక్కేస్తే నిజమైన ఓడ కన్నా దాదాపు మూడున్నర మీటర్లు పొడవైన ఓడ తయారవుతుంది. అంటే అన్ని భాగాలూ ఒకదానికొకటి సరిపోతాయి, మనుషులూ ఫిరంగులూ మాత్రం దాని మీద చిన్నబోతాయి. ఎందుకిలా ఉందో ఎంత వెతికినా దొరకదు.

తాళ్ల దగ్గర ఇలాంటిదే ఇంకొకటి. పాత నౌకానిర్మాణ పట్టికల్లో తాడు పరిమాణం చుట్టుకొలతలో ఇస్తారు, అడ్డుకొలతలో కాదు. 18 అంగుళాల తాడు అంటే చుట్టూ 18 అంగుళాలు. దాన్ని 3.14తో భాగిస్తే మందం ఆరు అంగుళాల లోపే. 1:64లో అది 2.3 మిల్లీమీటర్ల దారం. చుట్టుకొలతనే మందం అనుకున్నవాడు ఏడు మిల్లీమీటర్ల మోకు కడతాడు. దూరం నుంచి చూసినా ఓడకు ఏదో బరువు మోపినట్టు కనిపిస్తుంది.

గీతల్లో ఇంకొక్క మెలిక చెప్పి ఈ సంగతి వదిలేస్తాను. ఓడ ఆకారాన్ని మూడు వైపుల నుంచి గీస్తారు: పక్క నుంచి, పై నుంచి, ముందూ వెనకల నుంచి. ఆ గీత సాధారణంగా పక్కటెముకల వెలుపలి అంచుది. పలకల మందం అందులో ఉండదు. పక్కటెముకలు కోసి పలకలు తొడిగేవాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. దిమ్మెను చెక్కేవాళ్లు మాత్రం పలక మందాన్ని కలుపుకోవాలి, లేకపోతే ఓడ ఒక చర్మం తక్కువగా వస్తుంది.

వంగని పలక

ఇక అందరూ భయపడే పని, పక్కపలకలు. దీన్ని ఓపిక కిందో చేతివాటం కిందో జమకడతారు. నిజానికి ఇది రేఖాగణితం. అర్థమైన రోజున భయం పోతుంది.

ఓడ నడుమ దగ్గర కీల్ నుంచి పై అంచు దాకా ఒక దారం పరిచి కొలవండి. 200 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. అయిదు మిల్లీమీటర్ల పట్టీలు నలభై పడతాయి. ఇప్పుడు అదే దారాన్ని ముక్కు దగ్గర పరవండి. 120 మిల్లీమీటర్లే ఉంటుంది. నలభై పట్టీలూ అక్కడికి చేరాలంటే ఒక్కొక్కటి మూడు మిల్లీమీటర్లకు సన్నబడాలి. భూగోళం బొమ్మ మీద నిలువు రేఖల మధ్య జాగా నడుమ వెడల్పుగా, ధ్రువాల దగ్గర ఇరుగ్గా ఉంటుంది చూడండి, అలా. పెట్టెలోంచి తీసిన పట్టీని తీసినట్టే అతికించుకుంటూ పోతే నాలుగైదు వరుసల్లోనే ముక్కు దగ్గర పలకలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. ఓడ వెనుక కింది భాగంలో దీనికి తిరకాసు. అక్కడ కొన్ని ఓడల్లో జాగా పెరుగుతుంది, ఖాళీ మిగులుతుంది. దాన్ని నింపడానికి చీలిక లాంటి అదనపు ముక్క దూర్చాలి. ముక్కు దగ్గర పట్టీ సగం వెడల్పు కన్నా సన్నం కావాల్సి వస్తే, సూదిమొనలా చెక్కకుండా, రెండు పట్టీలను ఒక్కదానిలో కలిపేసి ఒక వరుస తగ్గించాలి. నిజమైన ఓడల్లో వడ్రంగులూ ఇలాగే చేశారు, ఎందుకంటే సూదిమొన దగ్గర మేకు దిగదు.

ఇప్పుడు రెండో సంగతి. ఒక కాగితం పట్టీ కత్తిరించి కుండ భుజం మీద ముడత పడకుండా చుట్టి చూడండి. మీరు దాన్ని అడ్డంగా తిప్పుదామనుకుంటారు, అది తన దారిన మెడ వైపు పోతుంది. బలవంతంగా కిందికి లాగితే ఒక అంచు ఆనుతుంది, రెండో అంచు లేస్తుంది. చెక్క పట్టీ కూడా అంతే. మందం వైపు ఎంతైనా వంగుతుంది, వెడల్పు వైపు వంగనంటుంది. నానబెట్టినా, వేడి చేసినా ఆ వంపు కొద్దిగానే వస్తుంది. కాబట్టి తెలిసినవాళ్లు పట్టీని వంచరు, వంపుగానే కోస్తారు. వెడల్పాటి రేకు చెక్క మీద ముందే ఒక వంకర గీత గీసి, ఆ ముక్కను కోసి తెచ్చి ఓడకు తొడిగితే తిన్నగా కూర్చుంటుంది. ఓడ మీద తిన్నగా కనిపించే పలక బల్ల మీద పరిస్తే వంకర. బల్ల మీద తిన్నగా ఉన్నది ఓడ మీద వంకర. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే వదిలేసిన ఓడల్లో చాలా పూర్తయ్యేవని నా నమ్మకం.

పలకల కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్నే చాలామంది తొందరగా ముగిస్తారు. చట్రాల అంచులు ఓడ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా ఉండాలి. కోసిన అంచు నలుచదరంగా ఉంటే పలక ఒక కొన మీదే ఆనుతుంది, జిగురు పట్టదు. ఒక బద్దను చట్రాల మీద పరిచి, ఎక్కడ తేలుతోందో, ఎక్కడ ఎత్తు తగులుతోందో చూసుకుంటూ ఉప్పుకాగితంతో రుద్దుతూ పోవాలి. నేనైతే పలకల పనిలో మూడో వంతు కాలం దీనికే ఇస్తాను. పలకలు తొడిగేటప్పుడు ఎడమ ఒకటి, కుడి ఒకటి మార్చి మార్చి వేయాలి. ఒక పక్కే పూర్తి చేస్తే ఆ లాగుడుకు వెన్నుపలక మెలితిరుగుతుంది. అది ఒకసారి మెలితిరిగాక సరిచేసే దారి ఉండదు.

చెక్క ఎంపిక గురించి ఎంతైనా రాయొచ్చు గానీ సూత్రం ఒకటే: నమూనాలో చెక్క నార కూడా చిన్నదిగా కనబడాలి. నిజమైన ఓడలు ఓక్‌తో కట్టారు కదా అని నమూనాకూ ఓక్ వాడితే దాని రంధ్రాలు ఆ కొలతలో గోతుల్లా కనిపిస్తాయి. బాక్స్‌వుడ్, పియర్, హోలీ, మేపుల్ లాంటి నార దగ్గరగా ఉన్న చెక్కలు ఇందుకే మేలు. ఎబొనీ నల్లగా అందంగా ఉంటుంది, కానీ దాని పొడి ఊపిరితిత్తులకూ చర్మానికీ మంచిది కాదు. ముక్కుకు ముసుగు లేకుండా దాన్ని రుద్దొద్దు.

ఏ కాలపు ఓడ?

కిట్ పెట్టెలో ఇచ్చిందల్లా నిజమని నమ్మడం కొత్తవాళ్లు చేసే పొరపాటు. రాగి రేకుల తొడుగు చూడండి. నాచు, పురుగు పట్టకుండా ఓడ అడుగుకు రాగి కొట్టడం బ్రిటిష్ నౌకాదళం 1761లో 'అలార్మ్' అనే ఫ్రిగేట్ రకం యుద్ధనౌక మీద పరీక్షించింది. దళమంతటా వ్యాపించింది 1779 తర్వాతే. 1740ల నాటి ఓడకు రాగి తొడిగితే అది ఎంత మెరిసినా తప్పే. తొడిగిన ఓడల్లోనూ రేకు నాలుగు అడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు. 1:64లో అది 19 మిల్లీమీటర్లు, అయిదున్నర మిల్లీమీటర్లు. దాని మీద మేకు తలలు ఆ కొలతలో కంటికి ఆనవు. కిట్లలో వచ్చే రేకుల మీద బొడిపెల్లా పొడుచుకొచ్చే మేకులు నిజమైన ఓడ మీద ఉండి ఉంటే ఒక్కొక్కటీ పిడికిలంత ఉండేవి.

రంగులదీ ఇదే కథ. 1628లో తొలి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకి తీసిన స్వీడన్ ఓడ 'వాసా' శిల్పాల వెనుక నేపథ్యం నీలమని చాలాకాలం అనుకున్నారు. చెక్కకు అంటుకుని మిగిలిన రంగు పొడిని పరీక్షించాక అది ఎరుపని తేలింది. స్టాక్‌హోమ్ మ్యూజియంలోని 1:10 నమూనా ఇప్పుడు ఆ ఎరుపులోనే ఉంది. 'విక్టరీ'ని దశాబ్దాలుగా ఆవపసుపు రంగులో చూడడం అలవాటైంది. పాత పూతల పొరలను పరిశోధించి 2015లో దానికి లేత గులాబి ఛాయ కలిసిన రంగు వేశారు. అంతకు ముందు కట్టిన నమూనాలన్నీ తప్పయిపోయాయా? నేనలా అనుకోను. అవి తమ కాలానికి తెలిసిన ఓడను చూపిస్తాయి. ఇప్పుడు కట్టేవాళ్లు మాత్రం ఇప్పుడు తెలిసినదాన్ని చూపాలి.

తాళ్లు

దూరం నుంచి చూస్తే సాలెగూడు. దగ్గరికి వెళ్తే రెండే రకాలు. కొయ్యలను కదలకుండా పట్టి ఉంచేవి ఒకటి. అవి శాశ్వతం, తారు పూసినవి, ముదురు రంగు. తెరచాపలనూ అడ్డకొయ్యలనూ ఎత్తడానికీ దించడానికీ తిప్పడానికీ వాడేవి రెండోది. అవి చేతుల్లోంచి, కప్పీల్లోంచి జారాలి కాబట్టి లేత జనపనార రంగులో ఉంటాయి. ఈ రంగు తేడా ఒక్కటి పాటిస్తే గూడు దానంతట అది విడిపోయి కనిపిస్తుంది. రెండో రకంలోని ఏ తాడును పట్టుకున్నా అడగాల్సింది ఇంతే: దేన్ని లాగుతుంది, ఏ కప్పీ గుండా తిరుగుతుంది, డెక్ మీద ఏ కొయ్యమేకుకు చుట్టుకుంటుంది? మూడింటికీ జవాబు లేని తాడు అలంకారం. అమ్మకానికి చేసే గదిబొమ్మలనూ, తెలిసి కట్టిన నమూనాలనూ నేను వేరు చేసేది ఈ పరీక్షతోనే. కొయ్యమేకులకు చుట్టిన తాళ్లను చూస్తే చాలు.

కట్టే వరుసకు మూలం నిజమైన ఓడే. కొయ్యకు పక్కతాళ్లు వేసేటప్పుడు కుడివైపు మొదటి జత, ఎడమవైపు మొదటి జత, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ. కొయ్య తల మీద ఆ మెలికలు ఒకదాని మీద ఒకటి ఈ క్రమంలోనే కూర్చుంటాయి. నమూనాలోనూ ఇలా వేస్తేనే కొయ్య ఒక పక్కకు ఒరగదు. వాటి అడుగున డెడ్‌ఐ అనే మూడు కన్నాల చెక్క బిళ్లలు జతలుగా వస్తాయి, వాటి మధ్య సన్నతాడు బిగుతును సర్దుతుంది. ఆ పక్కతాళ్ల మీద నావికులు ఎక్కే మెట్ల తాళ్లు వస్తాయి, నిజమైన ఓడలో పదిహేను అంగుళాలకు అటూఇటూగా ఒకటి. 1:64లో ఆరు మిల్లీమీటర్లు. తొమ్మిది పక్కతాళ్లు, ఇరవై అయిదు మెట్లు అనుకుంటే ఒక పక్క 225 ముళ్లు, రెండు పక్కలా 450. అది ఒక్క కొయ్య కింది భాగానికే. ఇక్కడ ఓపిక కావాలని నేనూ ఒప్పుకుంటాను.

కానీ ఆ ముళ్ల కన్నా ముఖ్యమైనది వాటికి ముందరి పని. అడ్డకొయ్యలకు కట్టాల్సిన కప్పీలన్నీ వాటిని పైకి ఎక్కించక ముందే, బల్ల మీద ఉండగానే కట్టేయాలి. డెక్ మీది కొక్కేలన్నీ కొయ్యలు నిలబెట్టక ముందే దిగాలి. తాళ్లు లోపలి నుంచి బయటికి, నడుమ నుంచి అంచులకు రావాలి. నేను ప్రతి ఓడకూ తాళ్ల పని మొదలెట్టే ముందు ఒక కాగితం మీద తాళ్లన్నిటి పేర్లూ రాసి, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని తర్వాత ఏ చోటు మూసుకుపోతుందో గుర్తు పెట్టుకుంటాను. ఆ కాగితానికి పట్టే వారం తర్వాత నెలలను మిగులుస్తుంది.

బిగుతు గురించి ఒక జాగ్రత్త. ముందు తాడును గట్టిగా లాగితే కొయ్య ముందుకు వంగుతుంది, దాన్ని సరిచేద్దామని వెనుక తాడు లాగితే అంతకు ముందు బిగించినవి సడలుతాయి. కొయ్య తిన్నగా ఉండేంత బిగుతు చాలు. పత్తి, నార దారాలు గాలిలో తేమకు బిగుస్తూ సడలుతూ ఉంటాయి. ఒక కాలంలో తీగల్లా ఉన్నవి ఇంకో కాలంలో వేలాడతాయి. పాలిస్టర్‌కు ఈ బాధ తక్కువ, అందుకే ఈ మధ్య చాలామంది దానితోనే సొంతంగా తాడు పేనుకుంటున్నారు. దారాలను ఒక దిక్కుకు మెలిపెట్టి, ఆ పోగులను మూడింటిని కలిపి ఎదురు దిక్కుకు పేనితే అది విడిపోని తాడవుతుంది. చిన్న చేతి యంత్రం చాలు.

ఇంకొకరి చేతి పని

పాత ఓడ చేతికొచ్చినప్పుడు మొదటి గంటల్లో ఏమీ చేయకపోవడమే అసలైన పని. అన్ని పక్కల నుంచీ ఫొటోలు తీయాలి. పెట్టె అడుగున రాలిన ప్రతి ముక్కనూ, అది నాలుగు మిల్లీమీటర్ల కప్పీ అయినా, ఎక్కడ దొరికిందో రాసి విడి సంచిలో వేయాలి. ముక్క పడిన చోటు అది ఎక్కడి నుంచి ఊడిందో చెబుతుంది. దుమ్ము దులిపేసి ముక్కలు ఏరుకుంటే ఆ సాక్ష్యం పోతుంది.

ఆ తర్వాత అడగాల్సింది: ఇది ఎవరి పని, ఎందుకు చేశారు? నెపోలియన్ యుద్ధాల కాలంలో బ్రిటన్‌లో బందీలుగా ఉన్న ఫ్రెంచి సైనికులు, నావికులు తమకు పెట్టిన మాంసంలోని ఎముకలతో ఓడలు చెక్కారు. 1797 నుంచి 1814 దాకా బందీలను ఉంచిన నార్మన్ క్రాస్ శిబిరం ఈ పనికి పేరు పొందింది. వాటిలో కొయ్యలు తరచూ ఉండాల్సిన దాని కన్నా ఎత్తుగా ఉంటాయి. కొన్నింటికి దారం లాగితే ఫిరంగులన్నీ ఒక్కసారి లోపలికి పోయే ఏర్పాటు ఉంటుంది. కొలత ప్రకారం ఇవి తప్పులు. వాటిని "సరిదిద్దితే" మిగిలేది ఏ విలువా లేని వస్తువు. ఇంకా పాత ఉదాహరణ 15వ శతాబ్దపు మతారో ఓడ. స్పెయిన్‌లోని కాతలోనియాలో మొక్కుబడిగా గుడికి ఇచ్చిన నమూనా ఇది, ఇప్పుడు రాటర్‌డామ్ మారిటైమ్ మ్యూజియంలో ఉంది. ఆ కాలపు ఓడల నిర్మాణం తెలిపే గీతలు చాలా అరుదు కాబట్టి ఆ మొక్కుబడి ఓడ చరిత్రకారులకు ముఖ్యమైన ఆధారం. ఎవరైనా భక్తుడు మధ్యలో దాన్ని తన కాలపు ఓడలా మార్చేసి ఉంటే ఆ ఆధారం మనకు దక్కేది కాదు. బ్రిటిష్ నమూనాల పక్కటెముకల సంగతి ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాను. పాత నమూనాలో "తప్పు" కనిపిస్తే అది కట్టినవాడి ఉద్దేశమా, తర్వాత బాగుచేసినవాడి పొరపాటా అని తేలేదాకా చెయ్యి వేయకూడదు.

నా దగ్గరికి ఒకసారి రెండు కొయ్యల ఓడ వచ్చింది. అంతకు ముందు ఎవరో బాగుచేశామని తాళ్లన్నీ తీసేసి నల్లటి కుట్టుదారం కట్టారు. ప్రతి ముడి మీదా సూపర్ గ్లూ బొట్టు. అది తెల్లగా పొడిబారి, దారం పెళుసెక్కి, తాకితే విరిగేది. అంతా కోసిపారేసి కొత్తగా కట్టాలనిపించింది. రెండు రోజులు ఆగాను. మూడో రోజు వెనుక కొయ్య మొదట్లో, కొత్త దారం కింద, ఒక కొయ్యమేకుకు చుట్టుకుని పాత తాడు మూడు చుట్లు కనిపించాయి. గోరంత ముక్క. కానీ దాని రంగు, మందం, పేనిన దిక్కు, ముడి వేసిన తీరు అన్నీ ఉన్నాయి. ఆ ఓడలోని కదిలే తాళ్లన్నీ ఆ ముక్క చెప్పినట్టే కట్టాను. ఆ మూడు చుట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

శుభ్రం చేయడం సులువైన పనిలా కనిపిస్తుంది, నష్టం ఎక్కువగా జరిగేదీ అక్కడే. మెత్తటి కుంచెతో దుమ్మును వాక్యూమ్ గొట్టం వైపు తోయాలి. గొట్టం మూతికి సన్నటి జాలీ గుడ్డ కట్టాలి, ఊడిన ముక్క లోపలికి పోకుండా. అంటుకున్న మురికికి మ్యూజియం నిపుణులు తరతరాలుగా వాడేది దూదిపుల్ల, ఉమ్మి. వినడానికి వింతగా ఉన్నా ఉమ్మిలోని ఎంజైములు మురికిని విడదీస్తాయి, పూతను మామూలుగా దెబ్బతీయవు. తర్వాత ఆ చోటును కొద్దిపాటి శుద్ధజలంతో తుడవాలి. ఎక్కడైనా కనబడని మూల ముందు పరీక్షించాలి. నీరు ఎక్కువైతే పశువుల తోలు, ఎముకలతో కాచే పాత వజ్రం జిగురు కరుగుతుంది, నీటిరంగులు పోతాయి.

జిగురు ఎంపికలో నియమం: నేను చేసినదాన్ని రేపు ఇంకొకరు విప్పగలగాలి. వజ్రం జిగురు వెచ్చదనానికీ తడికీ విడుతుంది. మామూలు తెల్ల చెక్కజిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో వదిలించవచ్చు. మ్యూజియంలు వాడే పారలాయిడ్ బి-72 అనే రెజిన్ అసిటోన్‌లో కరుగుతుంది. ఎపాక్సీ మాత్రం పట్టిందంటే పట్టిందే. పాత ఓడకు దాన్ని దూరంగా ఉంచడం మేలు.

చాలామందికి తెలియని శత్రువు ఒకటుంది, సీసం. లంగరులు, ఫిరంగులు, బొమ్మలు సీసంతో పోసిన నమూనాలను ఓక్ పెట్టెలో మూసి ఉంచితే ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. తెల్లటి పొడి పుట్టి, భాగం ఉబ్బి, చివరికి రాలిపోతుంది. ప్లైవుడ్, తాజా పెయింటు, వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా ఇదే చేస్తాయి. ఆ పొడి విషం. తొడుగుల్లేని చేతులతో తాకొద్దు, ఊదొద్దు. పెట్టెకు గాలి ఆడే సందులు ఉంచితే ఈ జబ్బు చాలా నెమ్మదిస్తుంది. గాలి చొరబడకుండా బిగించిన పెట్టె ఓడను కాపాడుతుందన్న నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది. ఎండ తగలకుండా చూడాలి, వెలుతురులోని అతినీలలోహిత కిరణాలు దారాన్ని చీకిస్తాయి. తేమ ఒక్కసారి మారకుండా స్థిరంగా ఉండాలి. చెక్క అడ్డనారకు ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉండే కొద్దీ డెక్ పలకలు పగులుతాయి.

సగంలో ఆగిన కిట్ ఎవరి నుంచైనా మీకు చేరితే ఇంత కఠినంగా ఉండక్కర్లేదు. కానీ ముందు అది ఏ మెట్టు దగ్గర ఆగిందో వెతకండి. ఆగిన చోటే సాధారణంగా అసలు తప్పు ఉండదు, దానికి రెండు మూడు మెట్ల ముందు ఉంటుంది. తాళ్ల దగ్గర ఆగిన ఓడకు కొయ్యల కింద కొక్కేలు లేవేమో చూడండి. పలకల దగ్గర ఆగినదానికి చట్రాల అంచులు తడిమి చూడండి. ఆల్కహాల్‌తో జిగురు వదిలించి అక్కడిదాకా వెనక్కి వెళ్లి మొదలుపెడితే ఓడ కదులుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం మూడు కొయ్యల యుద్ధనౌక జోలికి పోకుండా ఒక కొయ్య పడవతో ప్రారంభించండి. వరుస మొత్తం అందులోనూ ఉంటుంది, తప్పు చేసినా దాని దగ్గరికి తిరిగి వెళ్లే దూరం తక్కువ.

పని ముగిశాక ఒక కాగితం మిగులుతుంది. ఏ భాగం పాతది, ఏది నేను చేర్చింది, ఏ జిగురు, ఏ దారం, ఏ సంవత్సరం, ఎక్కడ అనుమానం మిగిలింది, అన్నీ రాసి మడిచి ఓడ అడుగున పీఠం లోపల ఉంచుతాను. ఆమ్లం లేని కాగితం మీద, పెన్సిల్‌తో. సిరా వెలిసిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది.